ఏ గింజో చెప్పలేదు

లేబర్ కోర్టులో ఫ్యాను తిరుగుతోంది గానీ
గాలంతా జడ్జిగారి కాగితాలకే.
పెంచలమ్మకీ ఇంగ్లీషుకీ మధ్య
రోజుకింతని ఇచ్చి నన్ను నిలబెట్టారు.

రెడ్‌హిల్స్ రైస్ మిల్లులో
పందొమ్మిదేళ్లు చెరిగిన చేతులు.
బోను కర్ర మీద ఎలా పెట్టుకోవాలో తెలీక
గాల్లోనే చేట పట్టుకున్నట్టు కదులుతున్నాయి.

నలభై బస్తాలు పోయాయట.
మొదట నాలుగన్నారు.
టీకొట్టు దాకా వచ్చేసరికి పద్నాలుగు.
లారీ డ్రైవరు దురైకణ్ణు నోట్లో పడ్డాక
బస్తాలకి ఓ ఆటో మొలిచింది,
ఆటో తోలడానికి పెంచలమ్మకో మరిది,
ఆ మరిదికి నాయుడుపేటలో కొత్త మిద్దె.
పెంచలమ్మ మొగుడు
వాళ్లమ్మకి ఒక్కడే కొడుకు.

కంపెనీ లాయరు కళ్లజోడు తీశాడు.
మెత్తటి మద్రాసు ఇంగ్లీషు, నెయ్యి రాసినట్టు:
పోనీ, తోటివాళ్ల మాటల్లో
గ్రెయిన్ ఆఫ్ ట్రూత్ అయినా ఉంది కదా?

అందరూ నా వైపు చూశారు.
మూడే మాటలు. బడిపిల్లలు కూడా చెప్తారు.
గింజ. నిజం. నిజపు గింజ.
నోట్లో వేసుకుంటే
పంటి కింద పలుకులా తగిలింది.

ఆయన భాషలో గింజంటే కొంచెం.
ఒక్కటే ఉంది, మిగతాదంతా ఊకే అని.
మా ఇంట్లో గింజంటే సాక్ష్యం.
అమ్మ గరిటె ముంచి ఒక్క మెతుకు తీసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి
కుండంతటికీ తీర్పు చెప్పేది.
అది ఉడికిందా,
అడుగునున్నదీ ఉడికినట్టే.
ఇక వార్చెయ్.

ఇప్పుడు నేను గింజ అంటే
ఈమె ఔనంటుంది.
ఔనంటే
నలభై బస్తాలూ ఉడికినట్టే.

నేనూ ప్రమాణం చేసే నిలబడ్డాను,
ఉన్నది ఉన్నట్టు చెప్తానని.
రెండు భాషల మధ్య
ఉన్నది ఉన్నట్టు ఎక్కడుంటుంది?

"ఆవగింజంత నిజమైనా ఉందా, పెంచలమ్మా?"
అన్నాను.
పంట మార్చేశాను.

ఆమె నవ్వింది.
"ఆవాలేందమ్మా. నూకలు.
దోసెడు.
చేటకి రాకుండా చీపురుకి వచ్చినయ్యి.
మట్టీ బెడ్డా ఏరుకోని గంజి కాసుకుంటా.
శనివారం శనివారం.
మేస్త్రీ చూస్తానే ఉంటాడు,
ఏనాడూ వద్దన్లా.
రాసుకోమను."

చెప్పాను. నూకలకి బ్రోకెన్ రైస్ అని.
స్టెనో అమ్మాయి వేళ్లకి బ్రోకెన్ అందలేదు,
కాగితం మీద రైస్ అనే పడింది.
చెయ్యెత్తి దిద్దించాను.
రెండిటికీ తేడా ఏముందని
జడ్జిగారు విసుక్కున్నారు.
ఏముందో చెప్పాలంటే
నాకిచ్చే డబ్బులు చాలవు.

వాయిదా.
వచ్చే నెల పదిహేడు.

ప్యారీస్ కార్నర్‌లో బస్సు కోసం నిలబడ్డాం.
సముద్రం పక్కనే ఉన్నా కనబడదు,
ఉప్పు మాత్రం పెదాల మీద తెలుస్తుంది.
రెండు టీలు చెప్పాను.
"అంటే మిల్లులో నాకింక
నూకలు చెల్లినట్టేనా?" అంది,
అని, తన మాట తనకే వినబడి
ఉలిక్కిపడి నవ్వింది.
నాకు మాత్రం నవ్వు రాలేదు.

టీ మీద మీగడ కట్టాక అడిగింది:
"ఆయన నిజంగా ఆవగింజనే అన్నాడా?"

బస్సొచ్చింది.
జనం తోసుకుంటున్నారు.
"గింజ అన్నాడు" అన్నాను.
"ఏ గింజో చెప్పలేదు."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది,
మెతుకు పట్టి నలిపినట్టు.
ఉడికిందో లేదో చెప్పకుండా
బస్సెక్కింది.