కురచ కుర్చీ

మా ఊళ్లో చెట్లు లేవు.
చర్చి గోడ చాటున ఒక్క రోవన్ మొక్క,
గాలికి వీపు తిప్పుకుని
పదేళ్లుగా నా నడుము దాకానే ఉంది.

కలప మాకు సముద్రమే తెచ్చిస్తుంది.
సైబీరియా నదుల్లో ఎవరి చేతిలోంచో జారిన దుంగలు
మంచుపలకలెక్కి, ఏళ్లు గడిచాక
స్త్రాండిర్ రాళ్ల మీద వెల్లకిలా పడతాయి.
బెరడు ఉండదు. ఎముక రంగు.
నావి అని అడగడానికి ఎవరూ రారు.

ఆ శరత్తులో బడి బస్సు తాళాలు తిరిగిచ్చేశాను.
ముప్పై రెండేళ్లు నడిపిన బస్సు;
బ్రేకు అందక
పెడలుకి చెక్కముక్క కట్టించుకుని నడిపిన బస్సు.
"ఇక ఏం చేస్తావు?" అన్నాడు కెటిల్.
"కుర్చీ చేస్తా."
ఎందుకన్నానో తెలియదు. నోటికొచ్చింది.

హాల్బేరా ట్రాక్టరుతో ఒక దుంగని ఈడ్చుకొచ్చాం.
రంపం మొదటి కోత వేయగానే
బూడిదరంగు లోపల
సాల్మన్ చేప కండ!
షెడ్డంతా జిగురు వాసన, ఎక్కడిదో అడవి వాసన.
కెటిల్ కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ఉప్పు తిన్న కొయ్య కదా,
విశ్వాసం సముద్రం మీదే.
ఉలి అంచు రోజుకి మూడుసార్లు మొద్దుబారేది.
చిత్రిక పడుతుంటే మధ్యమధ్య
ఇసుక రేణువు కిర్రుమనేది పంటి కింద రాయిలా.
కుసి లావైతే బెజ్జం ఏడుస్తుంది,
బెజ్జం వదులైతే కుసి నవ్వుతుంది.
ఇది ఎవరూ చెప్పింది కాదు,
రెండు బొటనవేళ్లకీ పట్టీలు వేసుకున్నాక నేనే కట్టుకున్న సామెత.

నమూనా కాగితంలో సీటు ఎత్తు నలభై అయిదు.
ఎవరి మోకాలు కొలిచి రాశారో.
అలాగే చేశాను.
వంటింట్లో పెడితే టకటకమంది.

ఎడమ కాలు పొడుగని ఎడమ కాలు కోశాను.
వెనక కాళ్లు అలిగాయి.
వెనకవి కోస్తే ముందుకి తూలింది.
సోమవారం ఒక బిళ్ల, మంగళవారం రెండు,
పొయ్యిలోకి చిన్నచిన్న నాణేల్లా.
గురువారం కెటిల్ రసమట్టం తెచ్చి నేల మీద పెట్టాడు.
బుడగ కిటికీ వైపు పారిపోయింది.
"కుర్చీది కాదు తప్పు," అన్నాడు, "ఇల్లే సముద్రం వైపు వాలింది."
అప్పటికే ఏడు సెంటీమీటర్లు బూడిదైపోయాయి.

శనివారం సాయంత్రం టకటక ఆగింది.
కూర్చున్నాను.

ఏదో తేడా.
ఏమిటో చప్పున తెలియలేదు.
ఊలు మేజోళ్లలోంచి చలి ఎక్కుతోంది,
కింద ఎవరో రెండు పాదాలూ పట్టుకున్నట్టు.

నేల.

బడి బెంచీ మీద, చర్చి బల్ల మీద,
డాక్టరు గది బయట, నా పెళ్లి విందులో కూడా
వేలాడిన కాళ్లు నావి.
అరవై ఒక్క ఏళ్లు
కూర్చోవడమంటే అదే అనుకున్నాను.
టేపు తెచ్చి మోకాలి కింద నుంచి మడమ దాకా కొలిచాను:
ముప్పై ఎనిమిది.
సీటు కొలిచాను.
మళ్లీ కొలిచాను.
కెటిల్‌తో ఏమీ చెప్పకుండా కాసేపు
మడమలతో నేలని తట్టుతూ కూర్చున్నాను,
బస్సులో వెనక సీటు పిల్లల్లాగా. వాళ్లని ఎన్నిసార్లు కసిరానో.

తర్వాత అతను కూర్చుని చూశాడు.
మోకాళ్లు గడ్డానికి తగిలి, మిడతలా.
"పిల్లల కుర్చీ అయింది."
"కాలేదు," అన్నాను. "లే."

కుర్చీకి నూనె పట్టించాం. చేతికొమ్ముల అడుగున,
ఎవరికీ కనిపించని చోట, నాచు పురుగు తొలిచిన బెజ్జాలు
అలాగే వదిలేశాను.

ఇప్పుడు బల్ల నా గడ్డం దగ్గరికొచ్చింది.
గొర్రెమాంసం సూపు గిన్నె అంచు మీదుగా
కెటిల్ కళ్లు మాత్రమే కనిపిస్తాయి.
నేను బల్ల కాళ్ల వంక చూస్తుంటాను.
అతను రంపం ఎక్కడ దాచాలా అని
షెడ్డు వైపు చూస్తుంటాడు.