ఆరో నంబరు

ఎనుమాముల యార్డుల
మిర్చి ఘాటుకు పాస్‌వర్డ్ లేదు.
గేటు కాడ్నే గొంతు పట్టుకుంటది,
స్కార్ఫు కట్టుకున్నా లోపటికొస్తది.
నిచ్చెన దించకముందే నాకు మూడు తుమ్ములు.

"నెట్టు ఉన్నది గని నడుస్తలేదు పిల్లా"
అన్నడు అడ్తి సేటు వొజ్జల భద్రయ్య.
ఫోను తెరిచి గాలిని చూసిన.
ఇరవై మూడు దుకాణాలు,
ఇరవై మూడూ ఆరో ఛానల్ మీదనే,
అట్టపెట్టెల నుంచి తీసిననాడు ఎట్లున్నయో అట్లనే.
తేజ రాశి చుట్టూ వేలం లెక్క
అందరూ ఒక్కసారే అరుస్తుంటే
ఎవ్వరి మాట ఎవ్వరికి ఇనబడాలె?

ఒకటి, ఆరు, పదకొండు.
భుజం భుజం రాసుకోకుండ నడిచే బాటలు
ఈ గాలిల మూడే.
తెలివి చేసి మూడో నంబరు పట్టినోడు
నడిరోడ్డు మీద ట్రాలీ ఆపినోడు,
రెండు దిక్కులా తిట్లే.
పదకొండు జర ఖాళీగుంది. జరిపిన.

ఇగ తాళం.
డబ్ల్యూఈపీ. నాకంటె పెద్దది వయసుల.
గోడ అవతల కూసోని
కాసేపు చెవి ఒగ్గితే చాలు,
తాళం చెవే వచ్చి చేతుల పడుతది.
తీసేసి డబ్ల్యూపీఏ త్రీ పెట్టిన,
పందొమ్మిది అక్షరాల మాట.
"మర్చిపోతం, గోడకు రాసిపో" అన్నడు సేటు.

అప్పుడు ఆగింది కాంటా.

"పలుకుతలేదు బిడ్డా"
దడ్వాయి ఓదెలు పళ్లెం మీద చెయ్యేసి నిలబడ్డడు.
దానికి పాత తాళం ఒక్కటే వస్తది,
కొత్తది నేర్పే దారి లేదు.
బస్తాల మీద పరకాల రైతు,
తువ్వాలతోని విసురుకుంటున్నడు.
"పాతదే ఎయ్యరాదు" సేటు తొందర.
ఒక్క కాంటా కోసం
ఖాతాలున్న ఇంటికి గొళ్లెం తీసి పండుకుంటడా?

సంచిల ఇంకో పాత డబ్బా ఉండె.
కాంటాకు వేరే పెట్టిన, ఒకటో ఛానల్ మీద.
బిల్లు మిషన్ దాక దాని నడక,
లెక్కల గడప తొక్కదు.
చిన్న పచ్చ దీపం ఎలిగింది.

ఓదెలు సున్నా వచ్చేదాక ఆగిండు.
బస్తా ఎక్కించిండ్రు.
చీటి బయటికొస్తనే ఉంది,
అయినా తలెత్తి గొంతెత్తి పిలిచిండు:
"నలభై రెండు కిలోల మూడు వందలు!"
రైతుకు, హమాలీకి, అవతలి వరుస దుకాణాలకు,
నిచ్చెన మీద తుమ్ముతున్న నాకు కూడా
ఇనబడేటట్టు.