నలభై ఏడు

ఆరో ఏడు నడుస్తోంది నా పరిశోధనకి.
ఫెలోషిప్ ఆగి పదమూడు నెలలు.
చీకటుండగానే భీమవరంలో బస్సు దిగి
లోసరి వైపు పోయే షేరాటో ఎక్కుతాను.
నా ఒళ్లో క్లిప్‌బోర్డు.
చుట్టూ పదకొండు మంది ఆడాళ్లు,
పదకొండు స్టీలు క్యారేజీలు,
నిన్నటి రొయ్య వాసనా ఇవాళ్టి కనకాంబరాలూ.

షెడ్డులోకి రొయ్య ఐసులో వస్తుంది.
తల తుంచాలి, పొట్టు ఒలవాలి, నరం లాగాలి.
కిలోకింత అని.
ఎంత అని అడిగితే మేస్త్రి వైపు చూస్తారు.
ఆ చూపుకి నా ఫారంలో గడి లేదు.

"వృత్తి?" అన్నాను.
"ఖాళీయేనండి" అంది నలభై ఏడో ఆవిడ
చేతులు ఆపకుండా.

రాశాను. కొట్టేశాను. మళ్లీ రాశాను.
ఆ కొట్టివేత పక్కనే
విశాఖలో మా గైడుగారు ఎర్రసిరాతో అడిగారు:
సిద్ధాంత చట్రం ఏదీ?
చట్రం అంటే నాకు ఆ షెడ్డు కిటికీయే గుర్తొచ్చింది.
వల కొట్టిన కిటికీ, అవతల చెరువులు,
రాత్రంతా నీళ్లని నిద్రపోనివ్వని ఏరేటర్లు.
ఆ చెరువుల కింద తను ఊడ్చిన చేల పేర్లు
ఆవిడకింకా నోటికొచ్చు:
పుంతచేను, గుర్రపుడెక్క మడి, మామ్మగారి ఎకరంన్నర.
ఏదీ ఆవిడది కాదు.

పద్నాలుగో ప్రశ్న, సామాజిక వర్గం.
బస్సు టికెట్టు ధర చెప్పినట్టు చెప్పేసింది.
చెప్పి, తలెత్తి,
"మరి మీరేవుట్లండీ అమ్మాయిగోరూ?"
నూట పద్దెనిమిది మందిని అడిగిన మాటే,
నా వైపు తిరిగేసరికి
పెన్ను రాయడం లేదన్నాను.
"అరిచేతుల్లో నలపండి, రాత్తాది" అంది.

పేరు మార్చి రాస్తానండి, భయం లేదు అన్నాను.
"మార్చడం దేనికండీ?
రేషన్‌కార్డులో ఒక తప్పు రాసేరు,
ఆధార్‌లో ఇంకో తప్పు.
మీరు సదూకున్నోరు గదా,
సరిగ్గా రాత్తారనుకున్నా."

మేస్త్రి తమ్ముడు కంపెనీలో గుమస్తా.
రేపు పనిలోకి రావద్దంటే
నా థీసిస్ కిలో ఎంతకి పోతుంది?
అదంతా చెప్పలేక ఏదో చెప్పాను.
"ఆయ్" అంది.
ఆ ఆయ్ ఒప్పుకోలో, ఇక చాలించమనడమో
ఇప్పటికీ ఏ కోడూ ఇవ్వలేకపోయాను.

ట్రే కడగబోతూ, తడి బల్ల మీద
ఐసుకి పాలిపోయి ముడతలు పడ్డ వేలితో
తన పేరు రాసింది,
వట్రుసుడి దగ్గర ఒక్క క్షణం ఆగి,
ఇదే, ఇక్కడే, అన్నట్టు నన్ను చూసి.
నేను సగం చదివేలోపు
పక్కావిడ బకెట్టు ఒంపేసింది.

నాలుగో అధ్యాయం, ఆరో పట్టిక.
క్రమసంఖ్య 47. స్త్రీ. వయసు 51.
వృత్తి దగ్గర చిన్న గీత.
వైవాలో ఎవరో ఒకరు అడుగుతారు
ఈ గడి ఖాళీగా ఎందుకుందని.
ఖాళీ కాదండీ అంటాను.
ఆ తర్వాతేమనాలో
ఇంకా రాసుకోలేదు.