మాను మీద అంకె

రొట్టెలు తెచ్చుకునే గుడ్డసంచీలో
మందులు పట్టుకొచ్చాడు జెరోనిము.
ఇంట్లో ఉన్నవన్నీ తెమ్మన్నాను, అన్నీ తెచ్చాడు.
బల్ల మీద కుమ్మరిస్తే
పదమూడు రకాలు, తెగిన జపమాల పూస ఒకటి,
ఎండి రాయైన రొట్టె ముక్క.

ఎనభై మూడేళ్లు.
అలెంతేజు ఎండల్లో యాభై వేసవులు
బిరడా చెట్ల బెరడు ఒలిచిన చేతులు
ఇప్పుడు రేకులోంచి ఒక్క బిళ్ల తీయడానికి
వంటింటి కత్తెర వెతుక్కుంటున్నాయి.

"ఇదెందుకు?"
"గుండెకి."
"ఇదో?"
"ఇదీ గుండెకే అనుకుంటా. తెల్లగా ఉంది కదా."
"మరి ఇది?"
"అది మీరే ఇచ్చారు, డాక్టరమ్మా."

పాత కాగితాలు వెనక్కి తిప్పాను.
రక్తపోటుకి ఒక మాత్ర. దాంతో పాదాలు వాచాయి.
వాపుకి నీళ్ల మాత్ర. దాంతో రాత్రి నాలుగుసార్లు లేచాడు.
లేవకుండా ఇంకొకటి. దాంతో నోరెండి, మతి మసకేసి,
మార్చిలో గడప దగ్గర పడ్డాడు.
పడ్డందుకు నొప్పి మాత్ర.
నొప్పి మాత్ర రేపిన కడుపుమంటకి మరోటి.
తాడు కొస పట్టుకుని లాగుతూ పోతే
ప్రతి ముడి దగ్గరా ఒకటే చేతిరాత.
నాది.

ఆ రోజుకి ఏ ముడీ తప్పు కాదు.
వరండాలో ఇంకా తొమ్మిదిమంది ఉండగా
పన్నెండు నిమిషాల్లో
వాచిన పాదాన్ని చూశాను,
పాదం పైన మనిషిని మళ్లీసారికి వాయిదా వేశాను.

కొన్ని తీసేద్దాం అంటే, చాలాసేపు మాట్లాడలేదు.
"బెరడు ఒలిచాక మాను మీద
తెల్లరంగుతో ఏడాది చివరంకె వేస్తాం.
తొమ్మిదేళ్లు నిండేదాకా ఎవడూ గొడ్డలెత్తడు.
మీరు వీటి మీద ఏమీ రాసుకోరా?"

రాసుకోం, జెరోనిము.
మొదలెట్టిన తేదీ ఉంటుంది.
ఆపాల్సిన రోజు మాత్రం
ఎవరి తలలోనూ ఉండదు.

ఒక చిన్న డబ్బా మాత్రం గుప్పిట్లో దాచాడు.
నిద్ర మాత్ర.
ఎర్మెలిందాని పూడ్చిన వారం ఇచ్చింది,
ఏడు రాత్రులకని.
పదకొండేళ్లయింది.

ఇవ్వమని అడగలేదు నేను.
అతనే అన్నాడు కాసేపటికి:
"చెట్టు వదలకముందే లాగితే లోపలి పొర చిరుగుతుంది.
జూన్‌లో దానంతటదే వదులుతుంది.
గొడ్డలి కాస్త మెలితిప్పితే చాలు, ఊడొస్తుంది."
సరే. ముందు పావు ముక్క తగ్గిద్దాం.
నెల ఆగి ఇంకో పావు.
నిద్ర పట్టని రాత్రి నాకు కోపంగా ఫోన్ చెయ్యి.

డబ్బా మూత మీద లావు కలంతో
ఇవాళ్టి తేదీ వేశాను, పక్కన మళ్లీ కలిసే తేదీ.
అద్దాలు లేకుండానే చదివాడు.

సంచీ తేలికైంది, కానీ అతను
బరువు మోస్తున్నట్టే ఒక భుజం వంచి నడిచాడు.
రొట్టె ముక్క నా బల్ల మీదే ఉండిపోయింది.

తర్వాతి పేరు పిలిచాను.
ఆమె లేచింది,
రెండు చేతుల్లో రెండు సంచులు.