మూడో నంబరు షెడ్డు

గోల్‌బర్న్ నది వెనక్కి తగ్గి నాలుగు రోజులు.
షెపర్టన్ షోగ్రౌండ్‌లో
ఏటా ఆవులకు బహుమతులిచ్చే మూడో నంబరు షెడ్డు
ఇప్పుడు బడి.
ఎండుగడ్డి వాసన, డెట్టాల్ వాసన, తడిబూట్ల వాసన.
మధ్యలో నేను, లెక్కల టీచర్ని,
బోర్డు దొరక్క
పాడైన ఫ్రిజ్ తలుపు మీద
మార్కర్‌తో భిన్నాలు రాస్తున్నాను.

హాజరంటే నాకెప్పుడూ తొందరే.
పేరు, ఊ. పేరు, ఊ.
రిజిస్టరు నీళ్లలో నాని ముద్దయ్యాక
ఒక్కో పేరూ గుర్తు తెచ్చుకుని రాయాల్సి వచ్చింది.
అప్పుడు కనిపించింది.
మగపిల్లల వరసలో టిక్కులు చీమలబారులా పోతుంటే
ఆడపిల్లల వరస
పళ్లూడిన చిగురులా ఉంది.

టీగన్ రాలేదు.
వాళ్ల డెయిరీలో ముప్పై ఆవులు పోయాయి.
నాన్న కంచెలు ఏరుకుంటున్నాడు,
అమ్మ బీమా వాళ్లతో ఫోన్లో ఉంది,
తమ్ముళ్లిద్దరూ టీగన్ చంకలో ఉన్నారు.

ఫురాహా రాలేదు.
మోటెల్ గదిలో ఏడుగురు, ఒక్కటే టాబ్లెట్,
అది అన్నయ్య పరీక్షలది.

మర్జియా రెండ్రోజులు వచ్చి మాయమైంది.
వెళ్లి అడిగితే నేల చూపులు చూసి
చివరికి చెల్లెలి చేత చెప్పించింది:
సాయం పెట్టెల్లో ఫుట్‌బాళ్లున్నాయి,
పన్నెండు రకాల బిస్కెట్లున్నాయి,
పాడ్లు లేవు.

పెట్టెలు సర్దినవాళ్లు మంచివాళ్లే.
మంచితనానికి కూడా ఒక్కోసారి
సగం ఊరే కనిపిస్తుంది.

అబద్ధమెందుకు, డెక్లన్ కూడా రాలేదు.
పదిహేనేళ్లవాడు. ఇసుకమూటలు మోసినందుకు
మగాడివనిపించుకున్నావని ఎవరో భుజం తట్టారు.
ఆ తట్టు బరువు దించుకోలేక
ఇంకా బురద ఎత్తుతూనే ఉన్నాడు.

సాయంత్రం సమావేశంలో కౌన్సిల్ ఆయన అన్నాడు:
"ముందు రోడ్లు, తర్వాత కరెంటు.
బడి ఎక్కడికి పోతుంది?"
బడి ఎక్కడికీ పోదండీ,
పిల్లలే పోతారు,
పోయేటప్పుడు తలుపు చప్పుడు కూడా చేయరు
అనాల్సింది.
కోపమొస్తే నా ఇంగ్లీషుకి నత్తి.
చీటీ రాసిచ్చాను:
పసివాళ్లను చూసేందుకు ఒక మూల, ఒక మనిషి.
నాలుగు పెట్టెల పాడ్లు, అడగక్కర్లేకుండా బాత్రూంలోనే.
టాబ్లెట్లు ఇంటికొకటి కాదు, పిల్లకొకటి, పేరు అంటించి.
డెక్లన్‌ని ఇంటికి పంపమని ఒక ఫోను.
కిరాణా చీటీలా ఉందే అని నవ్వారు.
కిరాణా చీటీయే.

ఇంటికొచ్చాను.
గోడ మీద మోకాటి ఎత్తున నీళ్లు గీసిపోయిన గీత.
చేతన్ లాప్‌టాప్ ముందు, హెడ్‌ఫోన్లలో.
మేదిని మోకాళ్ల మీద, బకెట్టు, గుడ్డ.
ఎవరు చెప్పారు నీకు?
అడగబోయి ఆగాను.
పొద్దున్నే కారు తాళాలు వెతుక్కుంటూ,
వెనక్కైనా తిరక్కుండా,
"మేదినీ, కాస్త ఆ హాలు తుడిచెయ్యమ్మా"
అన్నది నేనే.
నిన్నా నేనే. మొన్నా నేనే.
ఆ "కాస్త"లో
రోజుకి తొమ్మిది గంటలు పట్టాయి.

సంచిలోంచి కొత్త రిజిస్టరు తీశాను.
మేదిని గడిలో టిక్కు లేదు, సున్నా కూడా లేదు.
ఇంట్లో పిల్లే కదా అని
మూడు రోజులూ ఆ పేరు పిలవనేలేదు.
మూడు సున్నాలు పెట్టాను.
కారణం అన్నచోట
నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.

"అయిపోవచ్చిందిలే అమ్మా" అంది అది.
అవనివ్వలేదు.
గుడ్డ తీసుకుని చేతన్ ఒళ్లో పడేశాను.
ఒక చెవి బయటపెట్టి "ఏంటి?" అన్నాడు.
వాడికి పిండడం రాలేదు,
మోచేతుల దాకా తడుపుకున్నాడు,
తుడిచిన చోటే మళ్లీ బురద చేశాడు.

పర్లేదు.
భిన్నాలూ మొదట్లో అంతే.