ఘర్షణను ఉపేక్షించుము

షెఫీల్డ్‌లో, వాక్లీ వీధులు
మేడమెట్లలా దిగుతాయి,
మెట్లు మాత్రం ఉండవు.

శుక్రవారం పదిన్నరకి మావిస్ బ్రేర్లీని
చక్రాల కుర్చీలో బస్‌స్టాపు దాకా దించాలి.
వెనక్కి తిప్పి దించాలి, ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు.
ఆవిడ ముఖం కొండవైపు,
నా వీపు పల్లంవైపు,
మధ్యలో రెండు రబ్బరు పిడులు.
రాత్రంతా వాన. చెట్టే లేని ఈ వీధికి
ఎక్కణ్ణుంచో ఆకులొచ్చి అంటుకున్నాయి.

తొమ్మిదో తరగతిలో మా సత్యవేణి టీచరు
అట్టని ఏటవాలుగా పెట్టి డస్టరుని జారవిడిచేది.
నిట్టనిలువునా కిందికి ఒక బాణం, బరువు.
అట్టకి లంబంగా ఇంకోటి.
వాలు వెంబడి పైకి, అన్నిటికంటే పొట్టిది, మూడోది.
లెక్క మొదట్లో మాత్రం ఎప్పుడూ అదే వాక్యం:
"ఘర్షణను ఉపేక్షించుము."
ఉపేక్షించి నూటికి డెబ్బైయెనిమిది తెచ్చుకున్నాను.

ఇప్పుడా పొట్టి బాణం నేనే.

మావిస్ అరవైమూడు కిలోలు.
దుప్పటి, లైబ్రరీకి తిరిగివ్వాల్సిన లావుపాటి పుస్తకాలు అదనం.
అంతా నా మీదికి రాదు, కొంత రోడ్డు మోస్తుంది.
ఎంత వాలితే అంత తక్కువ మోస్తుంది
(మనుషుల్లాగే అని రాయబోయి ఆగాను).

ముప్ఫై ఒక్క ఏళ్లు చెంచాలకి మెరుగుపెట్టిందట ఈవిడ.
తిరిగే చక్రానికి ఒత్తి, ఇసుకా నూనే రాసి,
ముఖం కనపడేదాకా.
వేలిముద్రలు అరిగిపోయాయి,
ఫోను మీద వేలుపెడితే తెరుచుకోదు.
"నునుపు చెయ్యడమే నా పని పిల్లా,
అందుకే ఏదీ చేతిలో ఆగదు" అంటుంది.
ఆవిడ మాటల్లో సగం నాకు అర్థంకావు. ఇది అయింది.

మా ఊరి పేపర్లో ఘర్షణంటే
ఇరువర్గాలూ, ముగ్గురికి గాయాలూ.
ఇక్కడ అది లేకపోతేనే గాయాలు.

సగం దారిలో నా ఎడమకాలు ఆకుమీద పడింది.
జానెడు, అంతే.
కుర్చీ, మావిస్, పుస్తకాలు, వెనక కొండ మొత్తం
నా పొట్టమీదికి వచ్చాయి.
ఆవిడ చెయ్యిచాచి రాతిగోడని పట్టుకుంది,
ముద్రల్లేని వేళ్లు గీసుకుంటూ వచ్చాయి.
నా నడుం కౌన్సిల్ వాళ్ల పసుప్పచ్చ ఉప్పుపెట్టెకి కొట్టుకుంది.

ఆగాం.
గోడ వల్లో, ఉప్పుపెట్టె వల్లో, ఆ వేళ్ల వల్లో
విడదీసి బాణాలు గియ్యలేను.
చక్రాల దగ్గర కాలిన రబ్బరు వాసన.

గీరుకున్న వేలు నోట్లో పెట్టుకుని
"ఇంకా ఎంతుంది?" అంది మావిస్.
పల్లం ఆవిడకి కనపడదు. నాకూ కనపడదు.
మెడతిప్పి చూసి చెప్పాను,
"రెండు దీపస్తంభాలు."

మూడున్నాయి.