పదమూడో వరుస

సీఫ్‌లో ఆ బ్యాంకు భవనానికి
పడమటి గోడ మీద అడవి వేలాడుతుంది.
అడవి అని బోర్డు మీద రాశారు గానీ
అది తొమ్మిదివేల రెండువందల జేబులు కుట్టిన
నల్లటి గొంగడి.
జేబుకో మొక్క, మొక్కకో నంబరు,
నంబరుకో సన్నటి గొట్టం.
గంటకిన్ని చుక్కలని లెక్క.

ఆ నీళ్ళు మొన్నటిదాకా సముద్రం.
ఉప్పు తీసి, కొలిచి, పైకెక్కిస్తారు.
నేను కార్చేవి మాత్రం
ఉప్పుతోనే కిందికి దిగుతాయి.

తెల్లారి నాలుక్కి తాడు కట్టుకుంటాం
నేనూ, లింబాద్రీ.
ఎండెక్కేలోగా చచ్చినవి పీకాలి
బతికున్నవి పెట్టాలి.
అద్దాల్లోంచి వాళ్ళు చూసే వేళకి
గోడకి చావంటే తెలియనట్టుండాలి.
జులైలో రోజుకి ఆరు నల్లసంచులు
సరుకుల లిఫ్టులో దించేవాళ్ళం.

మా మేనమామ తాపీ మేస్త్రి.
గోడ పగుల్లో మొక్క తల ఎత్తితే చాలు
ఉప్పూ సున్నం కూరి చంపేవాడు.
గోడకి పచ్చ ఎక్కితే ఇంటికి పాడు, అనేవాడు.
ఇప్పుడు గోడకి పచ్చ ఎక్కించి జీతం తీసుకుంటున్నానంటే
ఫోనులో చాలాసేపు దగ్గి
ఎంతిస్తారు? అని మాత్రం అడిగాడు.

ముదురాకుల మీద లేతాకులతో
బ్యాంకు పేరు అరబ్బీలో నాటి ఉంటుంది.
పదమూడో వరుసలో, నూన్ అక్షరం గిన్నెలో
చుక్క ఉండాల్సిన చోట
మార్చిలో ఎవరూ నాటనిది మొలిచింది.
ఎర్రటి కాడ. నున్నగా, దళసరిగా ఆకు.
లింబాద్రి గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు.
తాడు మీద అట్లాగే ఊగుతూ
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "పుల్లగుంది రా... గంగవాయిలి" అన్నాడు.

కొబ్బరిపొట్టు బస్తాలో వచ్చిందో
పిట్ట ముక్కున కరుచుకొచ్చిందో.
దానికి నంబరు లేదు, గొట్టం లేదు.
పక్కజేబు తాగి వదిలిన తడితో
మూడు జేబులు పాకింది.

బిజోయ్ సార్ జాబితాలో అది కలుపు.
మేం పీకలేదు, కొసలు తుంచాం.
తుంచిన చోట రెండుగా చీలుతుంది ఆ కూర,
కూరమ్మే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది.
ఆ రాత్రి సల్మాబాద్ క్యాంపులో
ఎనిమిది మంచాల గదిలో
బ్యాంకు గోడ మా కందిపప్పులో ఉడికింది.
ఎండుమిర్చి ఘాటుకి పక్కగదివాళ్ళు తలుపు తట్టారు.
గిన్నెలు పట్టుకునే తట్టారు.

ఒకనాడు గేటు దగ్గర
ముసలి కాపలాదారు హాజీ మర్హూన్
సంచి విప్పమన్నాడు.
నా గుండె తాడు తెగినట్టయింది.
ఆయన ఒక కాడ తీసి నమిలి
"బర్బీర్!" అన్నాడు చిన్నపిల్లాడిలా.
చేత్తో చేపను ఈదించి చూపాడు, అన్నం ముద్ద కలిపి చూపాడు.
ఆ తర్వాత గోడ మొదలు చూపించి
తన మోకాళ్ళు తట్టుకున్నాడు.
ఇక్కడ నీళ్ళు ఇంతవరకు ఉండేవట.
ఈ గోడ నిలబడ్డ చోటే
వాళ్ళ నాన్న చేపల కంచె కట్టేవాడట.

అక్టోబరులో డ్రోను ఫొటో తీసింది.
నూన్ చుక్క అలుక్కుపోయింది,
బ్యాంకు పేరు ఇంకేదో అయింది.
కబురొచ్చింది: వేళ్ళతో సహా.
పీకాం.
పీకుతుంటే గసగసాలకన్నా సన్నగా
నల్లటి గింజలు జలజలా
కింది పన్నెండు వరుసల జేబుల్లోకి.
బిజోయ్ సార్ కాగితంలో దానికి గడి లేదు.

ఇవాళ హాజీ సాఫీ చేప తెచ్చి
ఆకేదని అడిగాడు.
మూడు వేళ్ళు చూపించాను.
మూడు రోజులా, మూడు వారాలా,
మూడో వరుసలోనా —
నాకే తెలియదు.
ఆయన తలూపి
చేపను మంచుపెట్టెలో పెట్టాడు.